ముద్ర కలవని ప్యాకేజీ

బహుళ షష్ఠి

ఐదో కట్టు, ముద్రల గది. రాస్తున్నది నూకరత్నం.

నిన్న పడ్డ పిడుగు, దానికోసమే నిలబెట్టిన ఇనప స్తంభాన్ని వదిలేసి తిన్నగా కరెంటు తీగ మీద పడింది. రెండు ఫ్యాన్లు, చేపల జాడ చెప్పే పెట్టె, నా ప్యాకేజీల డిస్కుల్లో సగం పోయాయి. వాటితోపాటు పైడమ్మత్త కడుగుడు మిషను మెదడు కూడా పోయింది. ఫ్యాన్లు, పెట్టె పోయినందుకు ఎవరూ చచ్చిపోరు.

కడుగుడు మిషనంటే రక్తం కడిగే యంత్రం. అత్త మూత్రపిండాలు పని మానేసి నాలుగేళ్లయింది. రోజు విడిచి రోజు ఆ మిషనుకు తగిలించుకుంటేనే ఆవిడ బతుకు. ఇనుము, గొట్టాలు, మోటారు అన్నీ బాగానే ఉన్నాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. మళ్లీ ఎక్కించాలంటే దాని ప్యాకేజీ కావాలి. నా దగ్గరున్న ఒకే ఒక్క కాపీ కాలిపోయిన డిస్కులో ఉండిపోయింది.

అత్తకు చెప్పడానికి వెళ్లాను. నా మొహం చూసే ఆవిడకు విషయం తెలిసిపోయింది.

"ఏటే, అలాగ మూతి ఏలాడేసినావు? పిడుగు నా మీద పడనేదు కదా," అంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ మేనత్తే. ఈ గది పని నేర్పింది కూడా ఆవిడే. నేర్పినంతకాలం తిట్టింది, ఇప్పటికీ తిడుతూనే ఉంది. అందుకే నాకు భయంగా ఉంది. నన్ను అంత ఓపిగ్గా తిట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

రేడియోలో అన్ని కట్టులకూ, అంటే మాలాగే పడవలూ బల్లలూ కలిపి కట్టుకుని సముద్రం మీద తేలే ఊళ్లకు, కబురు పెట్టాను.

బహుళ సప్తమి

నాలుగో కట్టు నుంచి జవాబు వచ్చింది. వాళ్ల దగ్గర ఆ ప్యాకేజీ ఉందట. వాళ్లకు మిషను లేదు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకున్నారంతే. నీళ్ల మీద బతికేవాళ్లం, తేలుతూ వచ్చినదేదీ వదలం. మధ్యాహ్నానికి వాళ్ల చేపల పడవ పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చింది.

పేరు అదే. వెర్షన్ అదే. ఏ మిషను కోసం చేశారో అదీ సరిపోయింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను.

ఇక మిగిలింది ముద్ర. ఎంత పెద్ద ఫైలైనా సరే, కంప్యూటరు దాన్ని మొదటినుంచి చివరిదాకా నమిలి అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి అరవై నాలుగు అక్షరాలు ఉమ్ముతుంది. అదే దాని ముద్ర. ఫైల్లో ఒక్క చుక్క మారినా అరవై నాలుగూ తారుమారైపోతాయి. అసలు ముద్రలు మా గోడ మీద ఉన్నాయి. గోడంటే గది బయటివైపు నిలబెట్టిన పాత ఓడ పక్కరేకు. లోకం ఇంకా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్న రోజుల్లో అత్త ఆ ముద్రల్ని ప్యాకేజీలు తయారుచేసినవాళ్ల దగ్గరే అడిగి తెలుసుకుని, ఉలితో ఆ రేకు మీద చెక్కింది. కాగితం తడుస్తుంది, డిస్కు చెడిపోతుంది, రేకు మీది గాటు ఎక్కడికీ పోదని ఆవిడ లెక్క.

మా పద్ధతి ఇది. ఒకరు తెర మీది అక్షరం పైకి చదవాలి. ఇంకొకరు గోడ మీది అక్షరం మీద వేలు పెట్టి "ఊఁ" అనాలి. చివరి అక్షరం అయ్యాక గోడ దగ్గరున్న మనిషి "కలిసింది" అనాలి. ఆ మాట వినపడకుండా ఏ ప్యాకేజీనీ ఏ మిషనులోకీ ఎక్కించం. కలవని ప్యాకేజీని అక్కడికక్కడే తుడిచేస్తాం, అన్ని కట్టులకూ చెప్పి తుడిపిస్తాం.

గోడ దగ్గర సోమలింగం మావ నిలబడ్డాడు. ఈయన మా కట్టు పెద్ద. "ఏడు," అని చదివాను. మావ "ఊఁ" అనలేదు. మళ్లీ చదివాను.

"ఇక్కడ సి ఉన్నాదమ్మా," అన్నాడు.

మొదటి అక్షరమే కలవలేదు.

బహుళ అష్టమి

మిగతా కట్టుల్లో ఉన్న కాపీల ముద్రలు రేడియోలో చదివించుకున్నాను. నాలుగు చోట్లా ఏడుతో మొదలయ్యే ముద్రే. అరవై నాలుగు అక్షరాలూ అందరూ ఒకేలా చదివారు.

"నాలుగు కట్టుల్లోన ఒకటే ముద్ర ఉన్నాది. ఈ రేకొక్కతే యేరేగ సెప్తన్నాది. పైడమ్మ ఉలి ఎక్కడో జారిపోనాదేమో," అన్నాడు సోమలింగం మావ.

"అరవై నాలుగు చోట్లా జారిందా మావా?" అన్నాను. "నలుగురూ ఒకే కుండలో నీళ్లు ముంచుకున్నారు. అందుకే నలుగురికీ ఒకే రుచి తగిలింది."

నీళ్ల మాట ఎత్తకుండా ఉండాల్సింది. రెండో కట్టులో నీళ్ల మిషనుకు ముద్ర చూడకుండా ప్యాకేజీ ఎక్కించిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఉప్పు తీసే మందు కొలత తప్పింది. ఆ నీళ్లు తాగిన తొమ్మిది మంది పోయారు. అందులో మా అత్త మొగుడు ఒకడు. ఆవిడ ఉలి పట్టింది ఆ తరవాతే.

మావ నొచ్చుకుని వెళ్లిపోయాడు. అత్త కాళ్లకు నీరు దిగడం మొదలైంది. నీళ్లు తక్కువ తాగమంటే నన్నే తిడుతోంది.

బహుళ నవమి

పొద్దున గాలిమరల ప్యాకేజీ ఒకటి సరిచూశాను. కలిసింది. పనికిమాలినవన్నీ కలుస్తాయి.

ఆ తరవాత కలవని ప్యాకేజీ విప్పి, లోపల దాని గురించి తయారుచేసినవాళ్లు రాసుకున్న వివరాల ఫైలు తెరిచాను. ఈ పని మొదటి రోజే చెయ్యాల్సింది. ముద్ర కలవనిదాన్ని విప్పకూడదని అత్త పెట్టిన నియమం అడ్డొచ్చింది. అక్కడికక్కడే తుడవాలన్న నియమాన్ని ఆ రోజే పక్కన పెట్టాను, దీన్ని ఇవాళ.

పేరు, వెర్షన్, సైజు అన్నీ ఉన్నాయి. తయారుచేసినవారు అనే చోట ఇలా ఉంది: కీ.శే. ఓలేటి మరిడయ్య జ్ఞాపకార్థం, తల్లి కాసులమ్మ.

నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది.

మా కట్టుల మీద పేరు లేని వస్తువు దొరకదు. నీళ్ల డ్రమ్ము మీద ఒకరి తాత పేరు, ఫ్యాను రెక్క మీద ఇంకొకరి అత్తగారి పేరు, నిచ్చెన మెట్టు మెట్టుకూ ఒకరి పేరు. మరుగుదొడ్డి తలుపు మీద సోమలింగం మావ వాళ్ల నాన్న పేరు ఉంది. ఏదైనా ఇచ్చినవాళ్లు దాని మీద తమ పోయినవాళ్ల పేరు రాయించుకోకుండా ఉండరు. రాసిన పేరును చెరపడం మా దగ్గర పెద్ద తప్పు. ఆ పిచ్చి చివరికి ఫైళ్ల లోపలికి కూడా వెళ్లింది.

కాసులమ్మ ఎవరో తెలుసు. కట్టుల మధ్య పడవ నడుపుతూ సామాను, ప్యాకేజీలు చేరవేసే మనిషి. కొడుకు మరిడయ్య కిందటేడు తీరం నుంచి ప్యాకేజీలు తెస్తూ గాలివానలో పడవ తిరగబడి పోయాడు. శవం దొరికినప్పుడు మొలతాడుకు పెన్‌డ్రైవ్ కట్టి ఉందట. అందులోని ప్యాకేజీయే ఇది, నాలుగు కట్టులకూ ఆవిడే పంచింది.

అత్తతో చెప్పాను. 

"పేరొక్కతే మార్సినారో, పేరు సాటున ఇంకేటి మార్సినారో నీకెలా తెలుసు?" అంది.

తెలీదు. అదే నా బాధ. పేరు ఎవరు రాశారో తెలిసింది. మిగతా లక్షల అక్షరాలు ఎవరూ ముట్టుకోలేదని చెప్పగలిగేది గోడ మీది ముద్ర ఒక్కటే. పేరు తీసేసి, మునుపు అక్కడ ఏముందో అచ్చంగా అదే పెడితే, ఇంకేదీ మారకపోతే ముద్ర కలవాలి.

బహుళ దశమి

మునుపు అక్కడ ఏముందో రేడియోలో అన్ని కట్టులనూ అడిగాను. మరిడయ్య పేరు తీసేయాల్సి ఉంటుందని కూడా చెప్పేశాను, దాచడం చేతకాక. ఎవరూ జవాబివ్వలేదు. ఒక కట్టువాళ్లు రేడియో ఆపేసుకున్నారు.

మధ్యాహ్నం నాకే ఒక ఆలోచన తట్టింది. కడుగుడు మిషను తెరకు వేరే ప్యాకేజీ ఉంది. దాన్ని చేసింది కూడా మిషను చేసిన కంపెనీయే. అది నా దగ్గర మిగిలిన డిస్కులో క్షేమంగా ఉంది. అందులో తయారుచేసినవారి వరుస చూసి, అచ్చు అలాగే, మధ్య ఖాళీలతో సహా, ఒక కాపీలో మరిడయ్య పేరు తీసి అక్కడ పెట్టాను. కట్టి ముద్ర తీశాను. గోడ దగ్గరకు ఎవరినీ పిలవకుండానే నేనే చూసుకున్నాను.

మొదటి అక్షరం బి. గోడ మీద సి.

మళ్లీ చేశాను. ఒక ఖాళీ తీసి చూశాను. ఒక ఖాళీ పెట్టి చూశాను. చుక్క తీశాను. చీకటి పడేదాకా అదే పని. ప్రతిసారీ అరవై నాలుగు కొత్త అక్షరాలు. దగ్గరకొచ్చావనో దూరం పోయావనో అవి చెప్పవు. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

బహుళ ఏకాదశి

ఇవాళ తప్పు పని చేయబోయాను. రాస్తున్నాను, ఎందుకంటే ఈ గదిలో జరిగినదంతా రాయాలని పద్ధతి.

అత్త పడుకోలేకపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని మంచం మీద కూర్చునే ఉంది. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. అన్నం వాసనకే వాంతి చేసుకుంది. నేను కలవని ప్యాకేజీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి మిషను పక్కన నిలబడ్డాను. నాలుగు కట్టులవాళ్ల మాట నిజమేమో. పేరు తప్ప ఇంకేదీ మారలేదేమో. మారినా, ఊరికే చూస్తూ చంపుకోవడం కన్నా అదే నయమేమో.

పెన్‌డ్రైవ్ పెట్టబోతుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది. వాచిన వేళ్లు. అయినా ఆ పట్టు విడిపించుకోలేకపోయాను.

"కలిసిందేటి?"

"లేదు."

"మరి?"

"నువ్వు చచ్చిపోతావత్తా! నీ గోడా, నీ రేకూ, నీ నియమాలూ ఏం చేసుకోను నేను? నెత్తిన పెట్టుకుని ఊరేగనా?" అని అరిచాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది.

"నా మొగుడికి ఆ నీల్లు నా సేత్తోనే ముంచి ఇచ్చినాను," అంది, ఊపిరి అందుకుంటూ. "దాహం, దాహం అన్నాడు. రెండో సెంబు కూడా ఇచ్చినాను. నీ సేతికి ఆ పని ఒద్దే. నాను ఎలాగోలా పోతాను. నువ్వు ఆ సేత్తో అన్నం తినాలి కదా."

పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. బల్ల చివర కూర్చుని ఏడ్చాను. సోమలింగం మావ వచ్చి పక్కన కూర్చున్నాడు. 

బహుళ ద్వాదశి

ఉదయం కాసులమ్మ పడవ వచ్చింది. తాడు కట్టకుండానే బల్ల మీదికి దూకింది.

"నా గుంటడి పేరు తుడిసీసినావంట?" అని నా మీదికి వచ్చింది. "ఆడికి సమాధి నేదు, పొటో నేదు. అదొక్కతే ఉన్నాది. నీకేటి పాపం సేసినానే నాను?"

నేనేం చెప్పినా తప్పే. చెయ్యి పట్టుకుని అత్త గదికి తీసుకెళ్లాను. అత్తను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వీళ్లిద్దరూ ఒకప్పుడు ఒకే పడవలో వల లాగినవాళ్లు.

"ఏటొదినా ఇలాగైపోనావు?" అంది.

"ఏటవుతాను, లావయినాను," అంది అత్త. "మీ యింట కూడు బాగా తిన్నాను కదా."

కాసులమ్మ నేల మీద కూలబడి అత్త కాలి మీద చెయ్యి వేసింది. వేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంటనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నేను అడిగాను. పేరు రాయకముందు అక్కడ ఏముందో ఏమైనా గుర్తుందా అని.

"నాకు సదువు రాదు కదమ్మా. నాలుగో కట్టు గుమస్తా రాసినాడు. ఎవుడో దొర పేరున్నాది, తీసీసి ఇది ఎడతానన్నాడు. సరే అన్నాను. పెద్దకార్యం నాడు, పిండాలు నీల్లలో ఒదిలీసి, తడిబట్టలతోనే ఎల్లి రాయించినాను. ఇంకేటీ ముట్టుకోనేదు, నా కల్లెదుటే సేసినాడు."

"పెద్దకార్యం నాడు," అన్నాను నేను.

"ఆ. కార్తీకంలోన."

లేచి గదికి పరిగెత్తాను. కాసులమ్మ కూడా నా వెనకే వచ్చింది.

ప్యాకేజీ అంటే చాలా ఫైళ్లు కట్టిన మూట. మూటలో ప్రతి ఫైలు పక్కనా దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో ఆ రోజు, ఆ గంట రాసి ఉంటాయి. ముద్ర తీసేటప్పుడు కంప్యూటరు ఆ గంటను కూడా నమిలేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ ఉప్పుగాలికి మా తెర కుడివైపు బెత్తెడు మేర ఎప్పుడో నల్లబడిపోయింది. రోజు, గంట ఉండే వరుస సరిగ్గా అక్కడే పడుతుంది. కనపడని వరుసను ఇన్నేళ్లుగా ఎవరం పట్టించుకోలేదు.

అక్షరాలు చీమలంత చిన్నవి చేశాను. వరుస ఎడమకు జరిగి బయటపడింది. మూటలో ఉన్న ఫైళ్లన్నిటికీ ఒకే రోజు, ఒకే గంట. తయారైన గంట. వివరాల ఫైలుకు మాత్రం మొన్న నేను మార్చిన గంట ఉంది. నాలుగో కట్టు నుంచి వచ్చిన కాపీ, నేను మార్చనిది, తీసి చూశాను. అందులో వివరాల ఫైలు పక్కన కిందటేడు కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఉంది.

పేరు తీశాను గానీ ఆ మధ్యాహ్నాన్ని తియ్యలేదు. దాని మీద నా మధ్యాహ్నం ఇంకొకటి పెట్టాను.

కాసులమ్మ నా భుజం మీంచి తెర చూస్తోంది.

"ఏటున్నాదక్కడ?"

"నువ్వు పేరు రాయించిన రోజు పిన్నీ. అది కూడా తుడవాలి."

చాలాసేపు తెర వైపే చూసింది. చదవడం రాకపోయినా చూసింది.

"కలిస్తే ఒదిన బతుకుతాదేటి?"

"కలిస్తే ఎక్కిస్తాను. ఎక్కిస్తే బతుకుతుంది. కానీ పిన్నీ, కలిస్తే ఇంకొకటి కూడా ఉంది. పేరున్న కాపీలన్నీ అన్ని కట్టుల్లోనూ తుడిపించాలి. అది పద్ధతి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ మొహం చూడటం చేతకాలేదు, మీటల వైపు చూశాను.

"తుడుసు," అంది.

తయారుచేసినవారి వరుసను మొదట పెట్టినట్టే ఉంచి, వివరాల ఫైలుకు మిగతావాటి గంటే పెట్టాను. మళ్లీ మూట కట్టాను. ముద్ర తీశాను. మొదటి అక్షరం చూసి గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఒక అక్షరం కలిసినంత మాత్రాన పొంగిపోకూడదు.

సోమలింగం మావ గోడ దగ్గరకు నడవబోతుంటే తన గదిలోంచి అత్త కేక. "నన్నట్టుకెల్లండి. నా సేత్తో సెక్కినాను, నానే సూస్తాను." మావా కాసులమ్మా మంచంతో సహా ఎత్తి ఎండలోకి మోసుకొచ్చారు. గోడకు ఆనించి కూర్చోబెట్టాం. వాచిన చూపుడువేలు రేకు మీద పెట్టింది.

"సి," అన్నాను.

"ఊఁ."

"సున్నా."

"ఊఁ."

మధ్యలో రెండుసార్లు ఊపిరాడక ఆగిపోయింది. నేను ఆగాను. కాసులమ్మ వెనక నుంచి వీపు రాస్తోంది. చివరి అక్షరం ఎఫ్. వేలు ఆ గాటు మీదే ఉంచి అత్త నా వైపు చూసింది. ఆవిడ కళ్లు ఉబ్బి గీతల్లా ఉన్నాయి, అయినా అందులో పాత పంతులమ్మ కనపడింది.

"కలిసింది," అంది. "ఆరు రోజులేటే, ఒక గంట మార్సడానికి?"

బహుళ త్రయోదశి

నిన్న సాయంత్రమే ఎక్కించాను. మిషను కూత పెట్టి లేచింది. మొదటిసారి రెండు గంటలే నడిపాను, ఎక్కువైతే అత్త తట్టుకోలేదు. ఇవాళ పొద్దున మళ్లీ తగిలించాను. అత్త పడుకుని నిద్రపోయింది. వెల్లకిలా పడుకుంది. 

రేడియోలో కలిసిన ముద్ర చదివి, పేరున్న కాపీలు తుడిచేయమని చెప్పాను. ఒక్కో కట్టు "తుడిచాం" అని జవాబిస్తుంటే కాసులమ్మ నా పక్కనే కూర్చుని వింది. నాలుగోది అయ్యాక లేచి పడవలోకి వెళ్లిపోయింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. వెనక్కి పిలిచే మొహం నాకెక్కడుంది?

పడవకు వేసే నీలం రంగు డబ్బా, కుంచె పట్టుకుని తిరిగొచ్చింది.

"లోపల రాయించడం తప్పయిపోనాది," అంది. "ఎవులికీ అగుపడదని తెలీక రాయించినాను. బయట రాయి. ఈ మిసను మీద. రాయొచ్చా?"

బయట రాస్తే ముద్రకేం కాదని చెప్పాను. మిషను తెల్లటి డొక్క మీద, గొట్టాలకు తగలకుండా, పెద్ద అక్షరాలతో రాశాను. ఓలేటి మరిడయ్య. రంగు వాసనకు అత్త కళ్లు తెరిచి, "నన్ను సంపడానికి ఇదొక్కతే మిగిలిపోనాది," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

కాసులమ్మ మిషను దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. తడి రంగుకు కాస్త ఎడంగా, మొదటి అక్షరం ఎదురుగా వేలు పెట్టింది.

"సదువు," అంది. "సుక్క తేడా వొచ్చినా ఆడు కాడు."

నేను చదివాను.

"ఓ."

"ఊఁ," అంది.

"లే."

"ఊఁ."

"టి."

"ఊఁ."

ఒక్కో అక్షరం మీదికి వేలు జరుపుకుంటూ, చదువు రాని ఆ మనిషి చివరిదాకా వచ్చింది. చివరి అక్షరం దగ్గర వేలు చాలాసేపు ఆగింది. నేను ఆగాను. మిషను తన పని తాను చేసుకుంటోంది.

"కలిసింది," అంది కాసులమ్మ.